మనం నలుగురం, నువ్వూ

రైలు టికెట్లు నలుగురికి అని నొక్కగానే చార్జీ ఒక్కసారిగా దిగివచ్చింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. వారం నుంచీ ఎటు తిప్పినా దారికి రాని లెక్క ఇవాళ ఇంత సులువుగా ఎలా కుదిరిందో అర్థం కాలేదు గానీ, కుదిరినదాన్ని కాదనడానికి ఆమె ఎవరు? తను పనిచేసే కళ్ళద్దాల దుకాణం కౌంటరు గాజు మీద ఫోను పెట్టి, అటూ ఇటూ చూసి, ఎవరూ అడగని కళ్ళజోడొకటి మెత్తటి గుడ్డతో తుడుస్తూ మళ్ళీ చూసింది. అదే చార్జీ. తలుపున్న కూపే, నాలుగు బెర్తులు, లోపలి నుంచి గడియ, కుటుంబానికి రాయితీ. ఆ రాయితీ ఇవాళ్టితో ఆఖరని కింద ఎర్ర అక్షరాలు కదులుతున్నాయి.

ఇంతకీ ప్రయాణం ఆడపడుచు దగ్గరికి. ఆవిడ సముద్రం ఉన్న ఊరికి మారింది. పిల్లల సెలవుల్లో అందరూ వచ్చి ఉండాల్సిందేనని ఫోన్లో ఒకటే గొడవ. సాయంత్రం బండెక్కితే మర్నాడు పొద్దున్నే దిగుతారు. టికెట్ల సంగతి చూడమని భర్త ఆమెకు అప్పగించి రెండే రెండు షరతులు పెట్టాడు. "చవగ్గా చూడు. అమ్మకి మాత్రం ఇబ్బంది ఉండకూడదు." చవకా, సుఖమా, ఈ రెండూ ఏ బండిలోనూ పక్కపక్కన కూర్చోవు. కూర్చోబెట్టే పూచీ ఆమెది.

ఆమె చూడని దారి లేదు. అందరూ ఎక్కే స్లీపరు బోగీ ఉంది. ఐదుగురూ అందులోనే వెళితే చార్జీ పర్వాలేదు. కానీ దానికి తలుపులుండవు, గడియలుండవు. "రాత్రంతా జనం తిరుగుతూనే ఉంటారు, అమ్మ వాళ్ళందరి మధ్యా ఎలా పడుకుంటుంది?" అన్నాడు భర్త. సరే, రెండేసి బెర్తుల గదులున్నాయి. వాటి ధర చూస్తే కళ్ళు తిరిగి ఉన్నచోటే పడిపోతాం, ఇంక బెర్తుతో పనుండదు. కూపే ఒకటీ ఆ చిన్న గది ఒకటీ కలిపి చూసింది. కూతురు పెద్దదాని బడి ఫీజంత తేలింది. కూర్చుని వెళ్ళే సీట్లు చూసింది. అత్తగారి మోకాళ్ళు గుర్తొచ్చి మానేసింది. ముందురోజు బండి, మర్నాటి బండి, పగటి బండి, ప్రతి ఊళ్ళోనూ ఆగే నత్తనడక బండి, అన్నీ అయ్యాయి. కూరలు తరుగుతూ చూసింది, పొద్దున్నే నీళ్ళు కాగుతుంటే చూసింది, బట్టలు ఆరేస్తూ ఒంటిచేత్తో చూసింది. బండి ఇంకా కదల్లేదు గానీ ఆమె అప్పుడే ఆ దారి అంతా తిరిగి తిరిగి వచ్చేసింది. ఇంట్లోవాళ్ళ లెక్కలో మాత్రం ఆమె ఎప్పుడు చూసినా ఫోను పట్టుకుని కూర్చుంటోంది.

అలాంటిది ఇవాళ దొరికింది!

వెనక గదిలో యంత్రం చప్పుడు ఆగింది. అద్దాలక్క చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఆ కళ్ళద్దాల దుకాణానికి వచ్చే ప్రతి ఫ్రేముకీ అద్దం అరగదీసి బిగించేది ఆవిడే. అందుకని అందరికీ అద్దాలక్క.

"ఏంటే, మొహం చాటంత అయింది?"

"దొరికిందక్కా! చూడు, ఎంత చవకో!"

అక్క నుదుటి మీది కళ్ళజోడు ముక్కు మీదికి దింపుకుని చూసింది. "నలుగురికా?"

"ఆఁ, నలుగురం."

"ఎవరెవరే?"

"మా అత్తగారు, ఆయన, పెద్దది, చిన్నోడు."

"బాగానే ఉంది. మరి నువ్వు ఇంటి దగ్గరుండి మొక్కలకి నీళ్ళు పోస్తావా?"

ఆమె పకపకా నవ్వింది. అక్క మాటలెప్పుడూ అంతే. నవ్వుతూనే వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. అత్తగారు, ఆయన, పెద్దది, చిన్నోడు. నాలుగు వేళ్ళూ మడుచుకున్నాక బొటనవేలు ఒక్కటీ నిలబడి ఉంది. దాన్ని చూస్తుంటే నవ్వు ఎటుపోయిందో పోయింది.

"ఛ! నన్ను మర్చిపోయానక్కా."

"నువ్వే మర్చిపోతే ఇంకెవరు గుర్తుపెట్టుకుంటారే తల్లీ," అంది అక్క. ఆమె మొహం చూసి, మాట మెత్తబరచుకుని, "ఆడవాళ్ళకి వేరే బోగీ ఉంటుందేమో చూడకపోయావా?" అంది.

"ఈ బండికి లేదక్కా."

తప్పంతా ఆమెదే అంటే మాత్రం అన్యాయం. ఆ ఇంట్లో లెక్క మొదటి నుంచీ అంతే. టాక్సీకి ఫోను చేస్తే భర్త, "నలుగురమండీ" అంటాడు. ఒక క్షణం ఆగి, "ఆఁ, ఇంకొకరున్నారు, సర్దుకుంటాం" అంటాడు. సర్దుకునే ఆ ఇంకొకరు వెనక సీట్లో చిన్నోణ్ణి ఒళ్ళో వేసుకుని, కాళ్ళ దగ్గర సంచి పెట్టుకుని, మెడ ఒక పక్కకి వంచుకుని వెళుతుంది. సినిమాకి వెళదామని మోజు పుట్టినా, "మనం నలుగురం, నువ్వూ" అంటాడు. చెడ్డగా అనడు. ముద్దుగానే అంటాడు. భోజనాల బల్ల కొన్నప్పుడు దుకాణంవాడు ఆరు కుర్చీలది చూపిస్తే, "అంతెందుకు, నాలుగు చాలు, తను ఎలాగూ వడ్డిస్తూ ఉంటుందిగా" అన్నాడు. అప్పుడు ఆమె కూడా తలూపింది. డబ్బు మిగిలిందని సంతోషించింది కూడా! అప్పటి నుంచీ వంటింట్లో గట్టు పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని తింటోంది. కాదు, నిజం చెప్పాలంటే సగం రోజులు నిలబడే తింటోంది. ఇప్పుడు, ఎవరూ చెప్పకుండానే, తన వేలితో తనే నలుగురు అని నొక్కింది.

ఐదుగురికి అని మార్చింది. నలుగురు కూపేలో, ఐదో మనిషి వేరే బోగీలో. చార్జీ పెద్దగా పెరగలేదు. ఆ ఐదో బెర్తు బండి మొత్తం మీద అన్నిటికన్నా చవక. అదెందుకంత చవకో ఆమెకు తెలుసు. 

కిందటిసారి మరిది ఉద్యోగం చేసే ఊరికి ఇలాగే వెళ్ళారు. వాళ్ళు నలుగురూ కూపేలో. ఆమె ఎక్కడో చివర, అందరూ ఎక్కే బోగీలో, మరుగుదొడ్డి పక్క బెర్తులో. "నీదేముంది, ఒక్క రాత్రి. ఎక్కడైనా సర్దుకుంటావు," అన్నాడు భర్త. అసలు ఆమె పడుకున్నదెంత గనక? అత్తగారు లేచారని ఫోను. మాత్రలు ఏ సంచిలో పెట్టావని ఫోను. చిన్నోడు నీళ్ళడుగుతున్నాడని ఫోను. ప్రతిసారీ ఊగే బోగీల మధ్యనుంచి, నేల మీద పడుకున్నవాళ్ళ కాళ్ళు తొక్కకుండా, గోడలు పట్టుకుంటూ వెళ్ళి రావడం. కూపే తలుపు తీస్తే లోపల చల్లగా, నీలం దీపం కింద అందరూ మెత్తటి దుప్పట్లలో ఉండేవారు. భర్త గడియ తీసి మళ్ళీ అటు తిరిగి పడుకుంటూ, "అమ్మని తీసుకెళ్ళు" అనేవాడు. పనయ్యాక, "తలుపు సరిగ్గా వేసి వెళ్ళు" అనేవాడు.

అలా ఒకసారి తిరిగొచ్చేసరికి ఆమె బెర్తు మీద, కాళ్ళు పెట్టుకునే చోట, ఒకడు కూర్చుని ఉన్నాడు. నిలబడి నిలబడి నడుం పడిపోయింది, కాసేపు కూర్చుంటానన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆమె కాళ్ళు ముడుచుకుని పడుకుంది. కాసేపటికి చెయ్యొకటి దుప్పటి మీదికి వచ్చింది. నిద్రలో జారిందేమో అనుకుంది. రెండోసారి వచ్చినప్పుడు అది నిద్రపోయే చెయ్యి కాదని తెలిసింది. గబుక్కున లేచి కూర్చుంది. కేకెయ్యాలనుకుంది, వెయ్యలేకపోయింది. ఎదుటి బెర్తాయన కళ్ళు తెరిచి, అంతా చూసి, మళ్ళీ మూసుకున్నాడు. ఆమె భర్తకి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. సంచి ఒళ్ళో పెట్టుకుని, వీపు గోడకి ఆనించి, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని తెల్లవార్లూ అలాగే కూర్చుంది. ఆ మనిషి ఎక్కడ దిగిపోయాడో కూడా చూడలేదు. తల తిప్పితే మళ్ళీ ఉంటాడేమోనని భయం.

బండి దిగాక ప్లాట్‌ఫారం మీద భర్తకు చెప్పింది. అతను సంచులు లెక్కపెడుతున్నాడు. ఆమె మాట తడబడి, తిరిగి మొదలుపెట్టి, ఎలాగో పూర్తిచేసింది. అతను లెక్క ఆపకుండానే విన్నాడు.

"ఏమీ కాలేదుగా?"

ఏమీ కాలేదు అనక ఆమె ఏమంటుంది? కాలేదంది.

"మరింకేం. పిల్లల ముందు ఇవన్నీ ఎందుకు, పద."

అక్కడితో ఆ సంగతి ఆమె నోట్లోనే ఉండిపోయింది. ఎవరికీ చెప్పలేదు, అద్దాలక్కక్కూడా. చెబితే ఏమని చెప్పాలి? ఏమీ కాలేదుగా. కాకపోతే ఆ తర్వాత కాళ్ళు చాపుకుని పడుకోవడం మర్చిపోయింది, అంతే. సొంత మంచం మీద, సొంత ఇంట్లో, తలుపులన్నీ వేసి ఉన్నా, మోకాళ్ళు వాటంతటవే పైకి ముడుచుకుంటాయి. "ఏంటా పడుకోవడం, మంచంలో సగం ఖాళీ," అని భర్త వెక్కిరిస్తాడు కూడా.

"ఏమ్మా, ఇంటి పనులు ఇంటి దగ్గర చూసుకోవాలి!" దుకాణం యజమాని భోజనం చేసి వచ్చాడు. ఆమె ఉలిక్కిపడి ఫోను దాచేసింది. చేతిలో కళ్ళజోడు జారి కౌంటరు మీద పడింది. అదృష్టం, పగల్లేదు. "కాళ్ళు లాగుతున్నాయండీ, ఎవరూ లేనప్పుడు ఆ స్టూలు మీద కూర్చోనా" అని ఇవాళ అడుగుదామనుకుంది. అది కిందటి నెల నుంచీ అనుకుంటున్నదే. కూర్చుని కనబడితే గిరాకీ లేదనుకుంటారని ఆయన సిద్ధాంతం. నోటిదాకా వచ్చినదాన్ని ఎప్పట్లాగే మింగేసింది.

సాయంత్రం ఇంటికి నడుస్తూ దారి పొడుగునా ఒక్క వాక్యం అప్పజెప్పుకుంది. "నేను ఆ బోగీలో పడుకోను." ఎంత వాక్యమని? చిన్నోడు కూడా తప్పుల్లేకుండా చదివేస్తాడు. అయినా అనుకున్న ప్రతిసారీ దాని వెనక భర్త జవాబులు వరసకట్టేవి. అయితే ఇంకెవర్ని పడుకోమంటావు? అమ్మనా? అంత డబ్బు ఎవరు పెడతారు? ఎప్పటి సంగతో ఇంకా పట్టుకుని వేలాడతావా? ఒక్కోదానికి ఒక్కో జవాబు కూర్చుకుంటూ రోడ్డు దాటింది. మందుల దుకాణంలో అత్తగారి మాత్రలు తీసుకుంది. చిల్లర తీసుకోవడం మర్చిపోయి, వెనక్కి పరిగెత్తింది.  ప్రయాణానికి ఇంకా బోలెడు రోజులున్నాయి గానీ ఆమె ఒళ్ళు అప్పుడే ఆ బెర్తు మీదికి ఎక్కేసి ముడుచుకుని కూర్చుంది.

రాత్రి భోజనాలకి బల్ల చుట్టూ నలుగురూ కూర్చున్నారు. ఆమె వడ్డిస్తోంది. టీవీలో ఎవరో ఎవరినో తిడుతున్నారు.

"టికెట్లు ఏమయ్యాయి?" అన్నాడు భర్త.

గరిటె గిన్నెలో పెట్టేసింది. "కూపేలో నాలుగు దొరుకుతున్నాయండీ. రాయితీ ఇవాళే ఆఖరు. ఐదోది..." కొంగు సవరించుకుంది. "ఐదోది మళ్ళీ ఆ బోగీలోనే. నేను ఈసారి..."

"నేనూ అదే చెబుదామనుకుంటున్నా. ఈసారి నువ్వు కూపేలోనే ఉండు."

ఆమె చెవులను ఆమే నమ్మలేదు. గుర్తుంది! అతనికి గుర్తుంది! పైకి అనలేదు గానీ ఇన్నాళ్ళూ మనసులో పెట్టుకున్నాడన్నమాట. పాపం, మగవాళ్ళకి చెప్పుకోవడం చేతకాదు. తనే అనవసరంగా దారంతా జవాబులు కూర్చుకుంటూ, మనిషిని శత్రువుని చేసుకుంటూ వచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అతని కంచంలో అడక్కుండానే ఇంకో గరిటెడు కూర వేసింది. చాలు చాలంటున్నా వేసింది.

"అమ్మ రాత్రిళ్ళు మాటిమాటికీ లేస్తోంది కదా," అన్నాడు అతను ముద్ద కలుపుకుంటూ. "నువ్వు అంత దూరం నుంచి వచ్చేదాకా ఆగలేదు. కిందటిసారి చూశాంగా, నీకు తలుపు తియ్యడానికి ప్రతిసారీ నేనే లేవాల్సొచ్చింది. నాకు నిద్రన్నదే లేదు."

ఆమె చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "మరి ఐదో బెర్తు?" అంది.

"పెద్దదుందిగా! నా భుజం దాటి పెరిగింది. ఒక్క రాత్రి, అదేమన్నా చంటిపిల్లా?"

పెద్దది తల వంచుకుని తింటోంది. కిందటేడాది కొన్న గౌను ఒంటికి బిగుతవుతోందని ఈ మధ్యే కొంగులాంటి పొడుగు కండువా ఒకటి వేసుకోవడం మొదలుపెట్టింది. వీధిలో నడిచేటప్పుడు పుస్తకాల సంచి గుండెలకి హత్తుకుని నడుస్తోంది. ఎవరు నేర్పారో తెలియదు. అది మెతుకులు కెలుకుతూ, తలెత్తకుండా అంది.

"పర్లేదమ్మా. నేను సర్దుకుంటాలే."

ఆమెకు ఆ మాట తనే అనలేదు కదా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. అదే గొంతు, అదే తగ్గింపు, చివర్లో అదే చిన్న నవ్వు. పెళ్ళయిన కొత్తలో తను అన్నట్టే, నిన్న అన్నట్టే, ఇవాళ మధ్యాహ్నం కౌంటరు వెనక మింగేసినట్టే.

"చూశావా, నా బంగారుతల్లి! గొడవా లేదు గోలా లేదు," అని భర్త మురిసిపోయాడు. "బుక్ చేసెయ్యి మరి."  అత్తగారి ముద్ద నోటిదాకా వెళ్ళి, కంచంలోకి తిరిగొచ్చింది.

ఆమె వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. కడగాల్సిన గిన్నెలేమీ లేవు, ఊరికే తిప్పింది. నీళ్ళ చప్పుడైనా ఉంటే తల్లో చప్పుడు తగ్గుతుందేమోనని. ఏం చెయ్యాలి? తనే ఆ బోగీకి వెళతానంటే? వెళ్ళగలదు. ముడుచుకుని కూర్చోగలదు. అలవాటైన పనే. కానీ అప్పుడు కూతురు ఏం నేర్చుకుంటుంది? అమ్మ కాకపోతే నేను, నేను కాకపోతే అమ్మ అని. కూపేతో పాటు ఆ చిన్న గది కూడా తీసుకుందామంటే ఇంట్లో పెద్ద యుద్ధం. అసలు ప్రయాణమే మానేద్దామంటే ఆడపడుచు అలుగుతుంది. ఎటు తిప్పినా, మధ్యాహ్నం ఫోన్లోలాగే, నలుగురు తేలుతున్నారు, ఒకరు మిగులుతున్నారు.

పెద్దది కంచం తెచ్చి గట్టు మీద పెట్టింది. వెళ్ళకుండా నిలబడింది.

"అమ్మా, ఆ బోగీకి తలుపుంటుందా?"

"ఉండదు."

"మరి రాత్రి ఎవరైనా వస్తే?"

"ఎవరొస్తారు?"

"ఊరికే అడిగా." కండువా అంచు వేలికి చుట్టుకుంది. "నువ్వు వెళ్ళావు కదా. నీకు భయమెయ్యలేదా?"

చెప్పాలి. ఇదే అదను. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. పిల్లల ముందు ఇవన్నీ ఎందుకు, అన్న మాట ఎక్కడి నుంచో వచ్చి అడ్డంగా నిలబడింది.

"లేదు," అంది.

"అయితే నాకూ వెయ్యదులే," అంది కూతురు. తల్లిని నమ్మింది. నమ్మి, తేలికపడి, జడ వెనక్కి విసురుకుంటూ వెళ్ళిపోయింది.

ఆమె కుళాయి కట్టేసింది.  ఆ ఎదుటి బెర్తాయన గుర్తొచ్చాడు. అంతా చూసి కళ్ళు మూసుకున్నాడే, అతను. ఇన్నాళ్ళూ ఆ మనిషిని తిట్టని రోజు లేదు. ఇప్పుడు తను చేసిందేమిటి? తెలిసి తెలిసి, కన్నకూతురి ముందు, కళ్ళు మూసుకుంది.

చేతులు తుడుచుకుని బయటికొచ్చింది. బల్ల దగ్గర తన కోసం కుర్చీ లేని సంగతి తెలుసు. చిన్నోడు తిని లేచి బొమ్మల మీద పడ్డాడు. వాడి కుర్చీ లాక్కుని కూర్చుంది. అత్తగారు మాత్రలు వేసుకుంటున్నారు. భర్త కుర్చీ టీవీ వైపు తిప్పుకుని కాళ్ళు బారజాపుకున్నాడు. పెద్దది బల్ల తుడుస్తోంది. ఆమె ఫోను తీసి ఒక్కో బెర్తుకీ ఒక్కో పేరు ఎక్కించింది. కింది బెర్తు అత్తగారికి. ఎదుటి కింది బెర్తు తనకి, ఆవిడ లేచినప్పుడు చెయ్యి అందాలి కదా. పైవి రెండూ పిల్లలకి. ఐదో బెర్తు దగ్గర వేలు ఆగింది.  అయినా రాసేసింది.

"అయిందా?" అన్నాడు భర్త టీవీలోంచి తల తిప్పకుండా.

"అవుతోంది. కూపేలో అత్తయ్యగారు, పిల్లలు, నేను. ఐదో బెర్తు మీకండీ."

"ఊఁ," అన్నాడు. తర్వాత ఆ మాట లోపలికి దిగింది. "ఏంటీ?"

"ఆ బోగీలో బెర్తు మీకు తీసుకుంటున్నాను."

అతను ముందు నవ్వాడు. వేళాకోళమనుకున్నాడు. ఆమె నవ్వకపోవడం చూసి కాళ్ళు ముడుచుకున్నాడు. "నీకేమన్నా మతిపోయిందా? నేనా? అక్కడా? దిగగానే మా బావ నన్ను ఊరంతా తిప్పుతాడు, రాత్రి నిద్ర లేకపోతే నేనేమైపోవాలి?" కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మరుగుదొడ్డి పక్కన ముక్కు మూసుకుని పడుకోవాలి. ఎవడెవడో వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంటాడు, పొమ్మంటే పోడు. ఒళ్ళు మరిచి నిద్రపోవడానికుండదు, సంచి కౌగిలించుకుని తెల్లవార్లూ కూర్చోవాలి. అసలు రాత్రిపూట ఆ బోగీలో ఎలా ఉంటుందో నీకేం తెలుసు?"

ఆమె ఫోన్లోంచి తలెత్తి అతని వైపు చూసింది.

ఆమెకు ఆశ్చర్యమేసింది. అతనికి అంతా తెలుసు. మరుగుదొడ్డి తెలుసు, కాళ్ళ దగ్గర కూర్చునేవాడు తెలుసు, సంచి కూడా తెలుసు. తెలియకే పంపాడని ఆమె ఇన్నాళ్ళూ అతన్ని వెనకేసుకొచ్చింది. ఇక ఆ పని కూడా తప్పింది.

"దానికి తెలుసురా," అన్నారు అత్తగారు.

అందరూ అటు తిరిగారు. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు వైపే చూస్తున్నారు. "ఆ పొద్దున్న బండి దిగేటప్పుడు నన్ను దింపడానికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పేరుకి నన్ను దింపింది గానీ, ఊతకి నన్నే పట్టుకుంది. ఆ చెయ్యి ఒకటే వణుకు. నీకేమో సంచుల లెక్క."

"అమ్మా, నువ్వూరుకో..."

ఆమె నొక్కింది. ఫోను ఒక్కసారి గుర్రుమని, టికెట్లు ఖాయమైనట్టు చూపించింది. దాన్ని బోర్లించి బల్ల మీద పెట్టింది. చెయ్యి ఇప్పుడూ వణుకుతోంది, కానీ ఈసారి దాన్ని దాచుకోలేదు.

పెద్దది గుడ్డ పట్టుకుని అలాగే నిలబడింది. "అమ్మా, నీకు భయమెయ్యలేదన్నావుగా?"

"అబద్ధం చెప్పాను," అంది ఆమె. "చాలా భయమేసింది. ఆ గుడ్డ అక్కడ పెట్టి, ఇలా వచ్చి కూర్చో. ఏం జరిగిందో చెబుతాను."

"పిల్లల ముందు ఇవన్నీ..." అన్నాడు భర్త.

"పిల్లల ముందే."

పెద్దది వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఏదో జరుగుతోందని పసిగట్టి చిన్నోడు బొమ్మలు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. ఖాళీగా ఉన్న నాన్న కుర్చీ ఎక్కి, బల్ల మీద గడ్డం ఆనించుకున్నాడు. అత్తగారు చెయ్యి చాపి టీవీ కట్టేశారు. ఆమె ఆ రాత్రి కూపే తలుపు సరిగ్గా వేసి బయటికొచ్చిన దగ్గర్నుంచి మొదలుపెట్టింది. బల్ల చుట్టూ నాలుగు కుర్చీలూ నిండిపోయాయి. భర్త నిలబడే విన్నాడు.